కారిన నీటికి ఖరీదు కట్టవలసిన దెవరు?

అద్దె యింట కాపురముండు గృహిణికిని, ఇంటిని అద్దెకిచ్చి ఆ సొమ్ముతో కాలము గడుపుకొను గృహిణికిని నడుమ మాటపట్టింపులు వచ్చుటకు పెద్ద కారణము లక్కఱలేదు. ఒక కుళాయి రబ్బరు చాలును. గడచిన వేసవిలో మేముండు వీధిలోనే యట్టి తగవొకటి పుట్టినది. ఉభయులును మాకు కావలసినవారే యగుటచే కాగితములతో కూడ మా యింటికి వచ్చిరి. మేము న్యాయవాదులము కాము. అయినను ఆ కాగితములను చూచిన పిమ్మట ఈ సంగతిని సోదరీమణులకు విన్నవించుట మంచిదని తోచినది; ఏలయన మన పాఠకురాండ్రలో అద్దె కట్టువారును కలరు, అద్దె పుచ్చుకొనువారును కలరు.

అది హైదరాబాదులో ఒక రెండంతస్తుల యిల్లు. క్రింది భాగమున యజమానురాలు ఒంటరిగా నుందురు. భర్తగారు గతించిరి; ఒక్క కుమారుడు అమెరికాలో నున్నాడు. మేడమీద నొక ఉపాధ్యాయిని, ఆమె భర్త, ఇద్దరు పిల్లలు. ఇంటికంతకును నీటి కనెక్షను ఒక్కటే. హైదరాబాదు నగరమున 2021 జనవరినుండి మీటరుగల గృహములకు నెలకు 20,000 లీటర్లవరకు నీరు ఉచితముగా నిచ్చుచుండుటచే ఆ యింటికి చాలకాలము నీటి బిల్లే రాలేదు. గత ఏప్రిలు నెలలో వచ్చినది. మే నెలలో అంతకంటె పెద్దది వచ్చినది. ఆ దినములలోనే యజమానురాలి పడకగది కప్పున చెమ్మ మరక యొకటి పుట్టి, చాపంత పెరిగి, సున్నపుపెచ్చులు మంచముమీద రాలసాగెను.

ఉపాధ్యాయినికి జూనులో వేఱొక ఊరికి బదిలీ యైనది. ఆమె కట్టిన అడ్వాన్సు ముప్పదివేల రూపాయలు. క్రొత్త ఊరిలో ఇంటికి ఆ సొమ్మే అడ్వాన్సుగా కట్టవలె నని వారు లెక్కించుకొనియుండిరి. యజమానురాలు మాత్రము, నీటి బిల్లులకును, కప్పు మరమ్మతునకును కలిపి పదునెనిమిది వేలు మినహాయించి తక్కినదే యిత్తునని చెప్పివేసిరి.

"పిన్నిగారూ, ఫ్లష్ ట్యాంకు కారుచున్నదని మేము మీకు చెప్పలేదా?" అని యీమె.

"ఎప్పుడు చెప్పితివమ్మా? మెట్లమీద ఎదురుపడి, కూరలసంచి చేత పట్టుకొని, 'నీళ్లు కారుచున్నవండీ' అన్నంతమాత్రాన చెప్పినట్లగునా? నేను ఆకాశము వంక చూచి వాన యనుకొంటిని" అని యామె.

మాకు నవ్వు వచ్చినది గాని నవ్వలేదు. ఇరువురి కన్నులలోను నీరున్నది. ఒకామెకు ఆ సొమ్ము లేనిదే క్రొత్త యిల్లు దొరకదు. మఱియొకామెకు మేడమీది యద్దెయే మందులకును, పాలకును ఆధారము.

ముందుగా ఒప్పందపు కాగితమును చూచితిమి. పదునొకండు నెలల ఒప్పందము. మన దేశమున అద్దె ఒప్పందములు చాలవఱకు పదునొకండు నెలలకే యుండుట సోదరీమణు లెఱుగుదురు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టముచొప్పున ఏడాదికి మించిన కౌలుపత్రములను తప్పక రిజిస్టరు చేయింపవలెను. ఆ ఖర్చును, శ్రమను తప్పించుకొనుటకే యీ పదునొకండు నెలల లెక్క. ఆ కాగితములో అద్దె యెంత, ఏ తేదీని కట్టవలెను, ఖాళీ చేయునపుడు ఎన్ని నెలల ముందు చెప్పవలెను, మేకులు కొట్టవచ్చునా కూడదా అన్నియు నున్నవి. కుళాయిలు, గొట్టములు, స్విచ్చులు చెడినచో ఎవరు బాగుచేయింపవలె ననునది మాత్రము ఒక్క పంక్తియైన లేదు. ఒక షరతు కలదు: ఇంటి యజమాని అనుమతి లేక యింటిలోని యే యమరికను మార్చరాదు. ఈ షరతు తరువాత ఎంత ముఖ్యమైనదో ముందు తెలియగలదు.

ఒప్పందము మాటాడనిచోట చట్టము మాటాడవలెను. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టములో 108వ సెక్షను ఇంటి యజమానికిని అద్దెదారునకును గల విధులను వివరించుచున్నది. మనలో చాలమంది ఇంటిలో నేది చెడినను యజమానియే బాగుచేయింపవలెనని చట్టమున్నట్లు తలంతురు. అట్లు లేదు. యజమాని చేయింపవలసి యున్న మరమ్మతులను, తెలియజేసిన తరువాత తగినకాలములో చేయింపనిచో, అద్దెదారు తానే చేయించుకొని ఆ ఖర్చును వడ్డీతో అద్దెలో మినహాయించుకొనవచ్చునని మాత్రమే యున్నది. "చేయింపవలసి యున్న" వెవ్వియో ఒప్పందమును బట్టియు, ఆ ఊరి ఆచారమును బట్టియు తేలవలెను. ఇక అద్దెదారు విధి: ఇంటిని పుచ్చుకొన్నప్పుడెట్లున్నదో అట్లే తిరిగి అప్పగింపవలెను, కాని వాడుకచే సహజముగా కలుగు అరుగుదలకును, మనుష్యు లాపజాలని ఉపద్రవములకును అతడు బాధ్యుడు కాడు. దీనివలన ఒక మంచి సంగతి తేలుచున్నది. ఏండ్లు గడచి రబ్బరు అరిగినచో అది అద్దెదారు చేసిన పాడు కాదు. పిల్లవాడు గెంతి వాష్‌బేసిను విరుగగొట్టినచో అది అరుగుదల కాదు.

అదే సెక్షనులో మఱియొక మాట కలదు. ఇంటి ప్రయోజనమును చెఱచు లోపము యజమానికి తెలిసి, అద్దెకు వచ్చువారికి తెలియక, సామాన్యమైన జాగ్రత్తతో చూచినను బయటపడనిదై యున్నచో యజమాని దానిని ముందే చెప్పవలెను. గోడలోని గొట్టము రెండేండ్ల క్రిందట పగిలి అతుకు వేసియున్నారనుకొనుడు. ఆ సంగతి దాచి క్రొత్తవారి నింట చేర్చుట యీ నియమమునకు విరుద్ధము.

పిమ్మట 2021 జూనులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన నమూనా అద్దె చట్టమును కూడ చూచితిమి. ఇది నమూనా మాత్రమే. రాష్ట్రములు తమ చట్టముగా చేసికొన్నపుడే అమలునకు వచ్చును. అయినను తగవు తీర్చునప్పుడు కొలబద్దగా పెట్టుకొనుటకు మిక్కిలి బాగున్నది. అందలి రెండవ షెడ్యూలులో ఎవరి పని యేదో పేర్లు పెట్టి వ్రాసినారు. కట్టడపు మరమ్మతులు, గోడలకు సున్నము, తలుపులకును కిటికీలకును రంగు, అవసరమైనపుడు గొట్టములు మార్చుట, లోపలి వెలుపలి విద్యుత్తు తీగల పని, ఇవి యజమానివి. కుళాయిలు, వాని వాషర్లు, కాలువ శుభ్రము, మరుగుదొడ్డి అమరికలు, వాష్‌బేసిను, గీజరు, స్విచ్చులు, ప్లగ్గులు, వంటయింటి అమరికలు, తలుపుల గడియలు, కిటికీల అద్దములు, ఇవి అద్దెదారువి. చదివి ఉపాధ్యాయిని మొగము చిన్నబోయినది. గీజరు కూడ మాదేనా యని యడిగిరి. నిజమే, పదియేండ్ల ప్రాత గీజరును గోడకు తగిలించి యద్దెకిచ్చి, అది చెడినపుడు నీదే పొమ్మనుట మాకును న్యాయముగా తోచలేదు. నమూనాలో నున్నంతమాత్రాన అన్నియు ధర్మమనుకొనవలసిన పనిలేదు. అందుచేతనే కాపురమునకు వచ్చునాడే మాటాడుకొని వ్రాసికొనవలెను. యజమాని తన వంతు పని చేయనిచో అద్దెదారు చేయించుకొని అద్దెలో మినహాయించుకొనవచ్చుననియు, అట్టి మినహాయింపు ఏ నెలలోను సగము అద్దెకు మించరాదనియు కూడ ఆ నమూనాలో నున్నది. ఇండ్లకు రెండు నెలల అద్దెకు మించిన అడ్వాన్సు పుచ్చుకొనరాదనియు నున్నది.

తెలంగాణమున 1960 నాటి భవనముల అద్దె నియంత్రణ చట్టమొకటి కలదు. తగిన కారణము లేక యజమాని నీటిని, విద్యుత్తును ఆపివేయరాదని అది శాసించుచున్నది. కాని పరిమితికి మించిన యద్దెగల యిండ్లను దాని పరిధినుండి తప్పించియుండుటచే నేటి నగరపు అద్దెలకు అది చాలవఱకు అందదు.

ఈ జాబితాలన్నియు "ఎవరు బాగుచేయింపవలెను" అను ప్రశ్నకు సమాధానము చెప్పును. మా యెదుట నున్న ప్రశ్న అది కాదు. బాగుచేయింపకున్న కాలములో జరిగిన నష్టమెవరిది? ఇరువది రూపాయలదో, రెండువందల రూపాయలదో యొక రబ్బరు. దానివలన పోయిన నీరు వేల లీటర్లు. ఖరీదంతయు ఆలస్యములో నున్నది. కనుక తేదీలు వెదకవలసి వచ్చినది.

ఉపాధ్యాయిని ఫోను తీసి వాట్సాపు సందేశములను వెనుకకు తిప్పుచు పోయిరి. ఉగాది శుభాకాంక్షలతోపాటు ఫ్లష్ ట్యాంకు బొమ్మ యొకటి తీసి, "అన్నయ్యగారూ, ఇది ఆగకుండ కారుచున్నది, ప్లంబరును పిలువమందురా?" అని అమెరికాలోని కుమారునకు పంపిన సందేశము దొరకినది. అద్దె ఆయన ఖాతాకే పోవును గనుక ఆయనకే వ్రాసిరి. ఆయన ప్రత్యుత్తరముగా బొటనవ్రేలి గుర్తు పంపియుండెను. ఆ గుర్తు "పిలువుడు" అని చెప్పినదా, "చూచితిని" అని చెప్పినదా, ఉగాది శుభాకాంక్షలకు జవాబా యనునది నేటికిని తేలలేదు. ఆయన తల్లికి చెప్పలేదు. ఈమె, అనుమతి లేక యమరికలు ముట్టరాదను షరతునకు భయపడి, జవాబుకై కాచుకొనియుండెను. యజమానురాలికి ఆ సందేశము సంగతియే తెలియదు.

ఇచ్చట మా యభిప్రాయము చెప్పుచున్నాము. వాషరు మార్చుట అద్దెదారు పనియే యనుకొందము. కాని మమ్ము అడుగక ముట్టవద్దని కాగితముపై వ్రాయించుకొన్నవారు, అడిగినపుడు వెంటనే జవాబు చెప్పవలెను. అనుమతిని తమచేత నుంచుకొన్నవారు ఆలస్యమును కూడ తమచేత నుంచుకొన్నట్లే. సందేశమునకు ముందు కారిన నీరు మేడమీదివారిది. తరువాత కారినది యజమానులది. యజమానురాలు ఈ మాట విని చాలసేపు మాటాడలేదు. పిదప, "వాడు నాకొక్క మాట చెప్పియుండవలసినది" అని మాత్రము అనిరి.

ఇక కప్పు చెమ్మ. ఇది ఫ్లష్ ట్యాంకు వలననే వచ్చినదని ఉభయులును నమ్మియుండిరి. మేము పిలిపించిన ప్లంబరు వృద్ధుడు, అనుభవశాలి. ట్యాంకు రబ్బరు అరిగినచో నీరు దొడ్డికుండీలోనికి జాఱి మురుగు గొట్టముగుండ పోవునే గాని కప్పులోనికి ఇంకదని చెప్పెను. అతడు చేసిన పరీక్ష సోదరీమణులందఱును తెలిసికొనదగినది. మేడమీద స్నానము చేసినపుడు మాత్రమే క్రింద చెమ్మ హెచ్చినచో లోపము నేల పలకల సందులలోనో మురుగు గొట్టములోనో యుండును. ఎవరును నీరు వాడకున్నను రాత్రింబవళ్లు చెమ్మ యొక్క రీతిగా నున్నచో, గోడలో దాగియున్న మంచినీటి గొట్టము కారుచున్నదన్నమాట. అతడు రాత్రి మేడమీదికి పోవు వాల్వును కట్టివేసెను. ఉదయమునకు మరక అంచులు ఆరసాగెను. గోడలోని గొట్టపు అతుకు వదలినది. అది ఏ లెక్కను చూచినను యజమానియే చూచుకొనవలసిన పని. కప్పు మరమ్మతు ఖర్చు ఉపాధ్యాయిని పద్దునుండి తొలగినది.

ఫ్లష్ ట్యాంకు లెక్కయు అతడే కట్టి చూపెను. ట్యాంకునకు నీరు వచ్చు కుళాయిని మూసి, నీటి మట్టమున పెన్సిలుతో గీత గీచి, అరగంట తరువాత గీతవఱకు నింపుటకు ఎన్ని లీటర్లు పట్టునో చెంబుతో కొలిచితిమి. ఆరు లీటర్లు. గంటకు 12, దినమునకు 288, ముప్పది దినములకు 8,640 లీటర్లు. నెలకు 20,000 లీటర్ల పరిమితిలో ఇంచుమించు సగము ఎవరును ముట్టకుండ మురుగులో కలిసిపోయినది. చప్పుడైనను సరిగా వినబడని కారుడు అది. చుక్కచుక్కగా కారు కుళాయి మన చెవిని బాధించును గనుక వెంటనే చూతుము. ఫ్లష్ ట్యాంకు మౌనముగా దోచుకొనును.

నీటితోపాటు విద్యుత్తు సంగతియు రెండు మాటలు చెప్పక తప్పదు, ఏలయన నీరు కారిన యింట మోటారు కూడ ఎక్కువగా తిరుగును. ఒక అశ్వశక్తి మోటారు గంట తిరిగినచో ఇంచుమించు ఒక యూనిటు ఖర్చగును. రెండువేల వాట్ల గీజరు గంటకు రెండు యూనిట్లు. గీజరులో వేడి నియంత్రించు థర్మోస్టాటు చెడినచో అది తనంతట ఆగదు. పైడబ్బా ముట్టినపుడు చేతికి జిల్లుమన్నచో బిల్లు మాట మఱచి, మెయిను స్విచ్చి కట్టివేసి పనివానిని పిలువవలెను. అచ్చట ప్రాణమునకే ముప్పు. అద్దెకు చేరు యింట ఎర్తింగు సరిగా నున్నదో లేదో, విద్యుత్తు కారినపుడు తనంతట ఆగు ఇ.ఎల్.సి.బి. స్విచ్చి యున్నదో లేదో అడుగుటకు సిగ్గుపడరాదు.

మీటరు పరీక్ష చాల సులభము. ఇంటిలోని స్విచ్చులన్నియు కట్టి, ఫ్రిజ్జి ప్లగ్గు కూడ తీసివేసి, మీటరు వద్దకు పోయి చూడుడు. చిన్న ఎఱ్ఱదీపము ఇంకను మినుకుమినుకు మనుచున్నచో విద్యుత్తు ఎచ్చటికో పోవుచున్నదన్నమాట. తీగలలో లోపమైనను కావచ్చును; మెట్ల దీపమో, యజమాని సంపు మోటారో మీ మీటరునకు తగిలించియైనను ఉండవచ్చును. ఈ రెండవది మేము ఎన్నియో యిండ్లలో చూచితిమి. దురుద్దేశముతో చేసినవారు కొందఱే. ఎప్పుడో పనివాడు దగ్గఱగా నున్న తీగకు కలిపిపోయినదే ఎక్కువ. తెలంగాణమున 2024లో ఆరంభమైన గృహజ్యోతి పథకమువంటి వానిలో ఇట్టి లోపము మఱింత నష్టకరము. నెలకు 200 యూనిట్ల లోపు వాడిన అర్హులకు బిల్లు లేదు. దాటినచో మొత్తమునకు కట్టవలెను. 190 యూనిట్లు వాడుకొను చిన్న కుటుంబమునకు మెట్ల దీపమే ఆ గీత దాటించును.

ఇంటిలో చేరునాడు పాలు పొంగించుటకు ముందే యొక గంట ఈ పనికి కేటాయింపుడు. ప్రతి కుళాయిని త్రిప్పి చూడుడు. ప్రతి స్విచ్చిని నొక్కుడు. నీటి మీటరు, విద్యుత్తు మీటరు అంకెలను ఫోనులో బొమ్మ తీసి ఆ దినమే యజమానికి పంపుడు. కప్పులను, స్నానాల గది గోడలను కూడ బొమ్మ తీయుడు. చెడినది కనబడినచో ఆ సాయంత్రమే వ్రాసి పంపుడు. మెట్లమీద చెప్పుట చెప్పుట కాదని పైకథవలన తెలిసినదే గదా. యజమానురాండ్రకు కూడ ఒక విన్నపము. అద్దె పుచ్చుకొనునది కుమారుడైనను, ఇల్లు చూచుకొనునది మీరే. కాపురమున్నవారు ఫిర్యాదు ఎవరికి పంపవలెనో కాగితములోనే యొక్క ఫోను నంబరు వ్రాయుడు. రెండువందల రూపాయల లోపు పనులను మీరే చేయించుకొని రసీదు చూపుడని ముందే యనుమతి యిచ్చినచో, ఎందఱికో ఈ కాచుకొనుట తప్పును.

మా వీధి తగవు ఎట్లు ముగిసినదో చెప్పెదము. కప్పు, గోడ గొట్టము యజమానురాలు చేయించుకొనుటకు ఒప్పుకొనిరి. వాషరు ఖరీదు ఉపాధ్యాయిని ఇచ్చిరి. నీటి బిల్లుల విషయమున మాత్రము పట్టుదల మిగిలినది. సందేశము తరువాతి దినములు లెక్కించినను, కారినదంతయు మేడమీదనే కారినది గదా యని పెద్దామె వాదము.

అప్పుడు ప్లంబరు కొంచెము పసుపు నడిగెను. మేడమీది ట్యాంకులో క్రొత్త రబ్బరు పెట్టి, నీటిలో పసుపు కలిపి, ఎవరును ఫ్లష్ నొక్కరాదని చెప్పి పావుగంట కూర్చుండబెట్టెను. కుండీలోని నీరు తెల్లగానే యున్నది. రబ్బరు సరిగా పట్టినది. మిగిలిన పసుపు గిన్నెలో నుండగా, "అమ్మా, క్రింద కూడ ఒకసారి చూతమా?" అనెను. పెద్దామె, "మాది బాగుగానే యున్నది నాయనా, నేనొక్కదానను, ఎంత వాడుదును?" అనిరి. అయినను పోసెను. పది నిమిషములైనను కాకమునుపే క్రింది కుండీలోని నీరు పేరంటపు పళ్లెమువలె పచ్చబడినది.

గీత గీచి కొలువగా అరగంటకు నాలుగు లీటర్లు, నెలకు 5,760. ఆ వాషరు ఎప్పుడు మార్చినదో ఆమెకు జ్ఞాపకము లేదు. నీటి బిల్లుల మాట ఆ తరువాత ఎవరును ఎత్తలేదు. ఉపాధ్యాయినికి ముప్పది వేలును ఆ వారమే ముట్టినవి. ప్లంబరు మఱునాడు వచ్చి క్రిందను ఒక రబ్బరు వేసిపోయెను; దాని ఖరీదు నూటయిరువది రూపాయలు పెద్దామెయే ఇచ్చిరి.